గుప్పెడు బియ్యం

మా అమ్మ బియ్యం కొలవడం చూస్తే ఈమెకు లెక్క రాదేమో అనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు. పెద్ద డబ్బాలోంచి రెండు సోలలు చేటలో పోసేది. రాళ్ళు, వడ్లగింజలు ఏరేది. ఎసరు మసిలేలోపు చేటలోంచి ఒక గుప్పెడు వెనక్కి తీసేది. తీసింది మళ్ళీ పెద్ద డబ్బాలో వేసేది కాదు. గూట్లో ఒక పాలపొడి డబ్బా ఉండేది, పైన బొమ్మ అరిగిపోయి రేకు తేలింది. అందులో వేసి, మూత బిగించి, ఆ మూత మీద కాసేపు చెయ్యి అట్లాగే ఉంచేది. పెదాలు కదిలేవి. ఏమంటోందో వినపడేది కాదు. ఆ తర్వాతే మిగిలిన బియ్యం కడిగి ఎసట్లో పోసేది.

ఐదుగురం తినేవాళ్ళం. రెండు సోలలే చాలవు. అందులో గుప్పెడు పోతే చివర్లో ఎవరో ఒకరికి గంజే మిగులుతుంది. ఆ ఒకరు నేను కాకుండా చూసుకోవడానికి అందరికంటే ముందే పళ్ళెం వేసుకుని కూర్చునేవాణ్ణి.

"అమ్మా, అది కూడా వెయ్యరాదా?" అని అడిగితే, "అది మనది కాదురా పెద్దోడా" అనేది. అంతకుమించి ఒక్క మాట చెప్పేది కాదు.

మాది నెల్లూరు జిల్లా మెట్ట. కావలి నుంచి పడమరగా, కలిగిరి వైపు పోయే దారిలో లోపలికి ఉండే ఊరు. నెల్లూరు అనగానే అందరికీ మొలగొలుకుల బియ్యం, పెన్నా కాలువలు గుర్తొస్తాయి. అవి డెల్టా వాళ్ళ భోగాలు. మా వైపు వాన పడితే జొన్న, సజ్జ, వరిగ. పడకపోతే అవీ లేవు. నా చిన్నతనంలో, అంటే 1960ల చివర్లో, వరన్నం అంటే క్రిస్మస్సో, ఊళ్ళో పెద్దోళ్ళ ఇంట్లో పెళ్ళో. అప్పట్లో ఆ పాలపొడి డబ్బాలో పడింది కూడా గుప్పెడు జొన్నలే, వరిగలే. ఏం వండితే అందులోంచి గుప్పెడు. 1983లో రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాకే రోజూ బియ్యం పడ్డాయి అందులో. ఆ ఏడు అమ్మ డబ్బా మూత తీసి నాకు చూపించింది. తెల్లగా ఉన్నాయి. అదేదో తానే పండించినట్టు మురిసిపోయింది.

ఆదివారం పొద్దున వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను సంఘపెద్ద ఇనప కమ్మీతో కొట్టేవాడు. అదే మా మందిరానికి గంట. మొదటి గంటకు స్నానం, రెండో గంటకు తెల్ల చీర, మూడో గంటకు డబ్బాలో గింజలు తువ్వాలులో మూటగట్టి చంకన పెట్టుకుని బయలుదేరేది. పాలెంలో ఆడవాళ్ళందరూ అట్లాగే తెచ్చేవాళ్ళు. మందిరం వెనక పాస్టరమ్మగారు సోలతో కొలిచి, ఒక లాంగ్ నోట్‌బుక్కులో పేరు ఎదురుగా రాసుకునేవారు. అందులో కొంత పాస్టరుగారి ఇంటికి. ఆయనకు జీతమని ఏముంది పాపం, అదే జీతం. మిగిలింది ఆరాధన అయ్యాక వేలం. గుమ్మడికాయలు, కోళ్ళు, తొలి కాన్పు మేకపిల్లలు, అన్నీ దేవుడికి ఇచ్చినవే, వేలంలోకి వచ్చేవి. ఒక కోతపండగ రోజు మా నాయన పూర్తి మత్తులో వచ్చి వెనక నిలబడి, ఒక కోడిపుంజు మీద పాట పెంచుకుంటూ పోయాడు. ఎవరూ పోటీ లేరు. తన పాట మీద తనే పెంచుకుంటున్నాడు. ఆ పుంజు మేం ఇచ్చిందే. పొద్దున అమ్మ కాళ్ళు కట్టి తెచ్చింది. పన్నెండు రూపాయలకు మా కోడిని మేమే కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాం. అమ్మ దారంతా తల ఎత్తలేదు. ఇంటికొచ్చాక తలుపు మూసి పడీపడీ నవ్వింది. కోపంతో అరుస్తుందనుకుని నేనూ తమ్ముడూ మంచం కింద దూరాం అప్పటికే.

అమ్మ పుట్టిల్లు ఒంగోలు దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున మద్దిపాడు వైపు పల్లె. ఇప్పుడు ప్రకాశం జిల్లా. అమ్మ పుట్టేనాటికి ఆ జిల్లానే లేదు, ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్త జిల్లా అయింది. అమ్మకు మాత్రం ఈ జిల్లాల గొడవ పట్టదు. "మాది యేటొడ్డు" అనేది. మా మెట్టకు కోడలుగా వచ్చి, ఈ ఊళ్ళో బావి నీళ్ళు చేదుకుంటూ, అరవై ఏళ్ళు యేటి గురించే చెప్పింది.

యేటి గురించి చెప్పినప్పుడల్లా ఒకటే కథ. వాళ్ళ తాతకు నాయన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నాడు. 1878 జూలై 3. ఆ తేదీ నేను తర్వాత చదువుకుని తెలుసుకున్నది. అమ్మకు ఏడాది తెలియదు, నెల తెలియదు, తెలిసింది లెక్క ఒక్కటే. "ఒక్క రోజున, పొద్దుగూకే లోపల, రెండువేల రెండొందల ఇరవైరెండు మంది. నాలుగు రెళ్ళు వరస పెట్టుకో, మర్చిపోవు." ఒంగోలులో క్లౌ దొర అంటే పేరు మోసిన అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ. ఇప్పటికీ అక్కడ క్లౌపేట ఉంది. అయితే ఆ రోజు నీళ్ళలో దిగింది దొర కాదు. తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున మారుతూ దిగి ఇచ్చారు. ఈ ముక్క అమ్మ గట్టిగా చెప్పేది. "దొర గట్టు మీద ఉన్నాడు. యేట్లో తడిసింది మనోళ్ళే."

అంతకు ముందు సంగతి చెప్పకపోతే ఈ లెక్క ఎందుకు గొప్పో తెలియదు. బాప్టిస్ట్ మిషన్ నెల్లూరుకు వచ్చింది 1840లో. పాతికేళ్ళు పనిచేసినా చేరినవాళ్ళు గుప్పెడు మందే. 1854 జనవరి ఒకటిన తెల్లారకముందే ఆ మిషన్‌కు చెందిన జ్యువెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారని చెబుతారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. నన్ను ఐదో తరగతిలో ఉండగా అమ్మ ఆ కొండ ఎక్కించింది. ఎండకు నా అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఆమెకు చెప్పులే లేవు.

తర్వాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. మద్రాసు ప్రెసిడెన్సీ అంతా మాడిపోయింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని పెట్టాడు. తవ్వినవాళ్ళకు కూలి. వేల మంది బతికారు. ఆ తర్వాతే ఈ నాలుగు రెళ్ళు. అందుకే మమ్మల్ని జనం అనే మాట ఒకటుంది: బియ్యానికి మారినోళ్ళు.

ఆ మాట నేను మొదటిసారి విన్నది మా ఊరి వేరుశెనగ చేలో. అమ్మ కలుపు తీస్తోంది, నేను గట్టు మీద తమ్ముణ్ణి ఆడిస్తున్నా. కూలి లెక్కలో తేడా వచ్చి అమ్మ గట్టిగా అడిగింది. ఆ చేను ఆసామి నవ్వుతూ అన్నాడు, "మీ ముత్తాతలు గుప్పెడు బియ్యానికి దేవుణ్ణి మార్చుకున్నారంట గదా, అణా తక్కువైతే నీకేమొచ్చింది?" అమ్మ మాట్లాడలేదు. అణా వదులుకోలేదు కూడా. తీసుకునే కదిలింది.

రాత్రికి గుప్పెడు తీస్తూ ఉన్నట్టుండి నాతో అంది. "కరువు పని జరిగినన్నాళ్ళూ దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, తెలుసా నీకు? కూలి కోసం వచ్చారంటారని ఆపేశాడు. పని అయిపోయాక, ఇంక బియ్యం లేవు పోండి అన్నాక వచ్చారు వాళ్ళు." ఆపి, డబ్బా మూత బిగించింది. "మనం తీసుకున్నామనే చెప్తారు. మనం ఇస్తుంటే ఎవరూ లెక్కబెట్టరు."

ఇది నిజమే. కరువు కాలంలో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపారని ఆ చరిత్ర రాసినవాళ్ళు కూడా చెప్పారు. కానీ చదువురాని మా అమ్మకు ఇది ఎవరు చెప్పారు? వాళ్ళ తాత చెప్పాడు. ఆయనకు వాళ్ళ నాయన. నాకు పుస్తకాల్లో దొరికింది అమ్మ నోట్లో అప్పటికే ఉంది.

చదువురాని అమ్మ అన్నాను. మిషన్ బడులున్న చోట పుట్టి కూడా చదవలేదు. మా మేనమామను ఒంగోలు బోర్డింగులో వేశారు, అమ్మను చంటిపిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో ఉంచారు. దీని గురించి ఎవరి మీదా నిష్ఠూరం లేదు ఆమెకు. నాకు ఉంది.

చదువు రాకపోయినా బైబిలు లేకుండా మందిరానికి పోయింది లేదు. పాస్టరుగారు ఫలానా కీర్తన తీయండి అనగానే అమ్మ కూడా తీసేది. చాలామందికి తెలియని రహస్యం, ఆమె పేజీలను మరకలతో గుర్తుపట్టేది. ఇరవై మూడో కీర్తన ఉన్న చోట కిరోసిన్ మరక, బుడ్డి ఒలికి పసుప్పచ్చగా నూనె తేలిన కాగితం. కొండమీద ప్రసంగం దగ్గర నేను చిన్నప్పుడు పెట్టిన చింతపండు వేలిముద్ర. క్రీస్తు పుట్టుక దగ్గర ఎండిన కనకాంబరం. మరక లేని పేజీ వచ్చినరోజు పక్కామె పుస్తకంలోకి చూస్తూ కూర్చునేది. ఆ పక్కామెకూ చదువు రాదు.

1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. అక్షర దీపం అన్నారు. ఊరూరా రాత్రిబడులు. మా ఊళ్ళో మందిరం వరండాలో పెట్టారు. అప్పటికి నాకు హైదరాబాదులో ఉద్యోగం. టెన్త్ తప్పి ఖాళీగా ఉన్న మా తమ్ముణ్ణి వాలంటీరుగా తీసుకున్నారు. అంటే మా అమ్మకు మా తమ్ముడే సారు. ఇంట్లో "ఒరే చిన్నోడా, నీళ్ళు తేరా" అన్న మనిషి, రాత్రి ఎనిమిదింటికి పలక పట్టుకుని "వందనాలు సారూ" అనేదంట. వాడికి సిగ్గు.

వాడు పద్ధతి ప్రకారం వాచకం తెరిచి మొదటి పాఠం చెప్పబోతే, అమ్మ పలక ముందుకు జరిపింది. "అవన్నీ తర్వాత సారూ. ముందు రెండు ఎట్టా రాస్తారో చూపించు."

వాడు రాశాడు. అమ్మ దిద్దింది. ఆమె రెండు తోక ఎడమకు తిరిగింది. చెరిపింది, మళ్ళీ రాసింది. అది పడుకుంది. లాంతరు కింద, పలక తొడ మీద పెట్టుకుని, బలపం పట్టిన వేళ్ళు గడ్డపార పట్టినట్టు బిగించి, గంటసేపు రెండే రాసింది. చివరికి పక్కపక్కన నాలుగు పెట్టి తమ్ముడికి చూపింది. "ఇదేనా?" "ఇదే." అమ్మ పలకను దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, "రెండువేల మందిని పట్టుకోని ఇంత చిన్నగా రాస్తారా?" అందంట.

తర్వాత అక్షరాలు వచ్చాయి. గుణింతాలు ఏడిపించాయి. ఒత్తులు ఇంకా ఏడిపించాయి. ఆ ఏడు క్రిస్మస్‌కు నేను ఇంటికి పోయేసరికి కిరోసిన్ మరక పేజీ మీద వేలు పెట్టి కూడబలుక్కుంటోంది. యాభై ఏళ్ళుగా నోటికి వచ్చిన కీర్తన. కళ్ళు మూసుకుని అరనిమిషంలో చెప్పేస్తుంది. దాన్నే అక్షరం అక్షరం పట్టుకుని, వేలితో నెట్టుకుంటూ, పావుగంటలో చివరికంటా చదివింది. చదివి, తల ఎత్తి, "నిజమేరా, అట్టానే ఉంది" అంది.

ఇన్నాళ్ళూ పాస్టర్లు చెప్పింది పుస్తకంలో ఉందో లేదో సరిచూసుకుంది అన్నమాట. మా అమ్మ భక్తి గురించి ఎవరైనా గుడ్డినమ్మకం అంటే నాకు ఆ పావుగంట గుర్తొస్తుంది.

మా నాయన మాట వదిలేశాను. మంచి పనిమంతుడు. చెప్పులు కుట్టినా, మోటబావికి తోలు బాన కట్టినా పదూళ్ళలో పేరు. సాయంత్రమైతే సారా. తర్వాత రోజుల్లో ప్యాకెట్లు వచ్చాయి, పళ్ళతో కొరికి నోట్లో పిండుకోవడమే. కూలి డబ్బులు ఎక్కడికి పోయేవో చెప్పక్కర్లేదు. అమ్మ ఇరవై ఏళ్ళు శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆయన పేరు చెప్పింది.

రాత్రిబడి వాచకంలో సారా మీద కూడా పాఠాలున్నాయి. మాకు కొన్ని ఊళ్ళ అవతల, అదే కలిగిరి మండలంలో దూబగుంట. అక్కడ రోశమ్మ, ఇంకా ఆడవాళ్ళు కలిసి సారా అంగడి మూయించారన్న కబురు 1992 నాటికి అన్ని ఊళ్ళకూ పాకింది. మా పాలెంలో ఆడవాళ్ళు కూడా సారా జీపు వచ్చే దారికి అడ్డం కూర్చోవాలనుకున్నారు. అప్పటి పాస్టరుగారు మెత్తని మనిషి. గొడవలెందుకమ్మా, ప్రార్థన చేద్దాం అన్నారు. అమ్మ ఎప్పుడూ పాస్టరుకు ఎదురు చెప్పి ఎరగదు. ఆ రోజు చెప్పింది. "ప్రార్థన చేస్తానే ఉండా అయ్యగారూ. మోకాళ్ళు కాయలు కాసినాయి. ఇప్పుడు కాళ్ళు కూడా కదపనీయండి."

మూడు రోజులు దారి మీద కూర్చున్నారు. చీపుర్లు, కారప్పొడి, పక్కన ఇత్తడి చెంబుతో నీళ్ళు. మందిరంలో పాడే పాటలే పాడారు. హిందూ ఆడవాళ్ళు కూడా వచ్చి గొంతు కలిపారని తమ్ముడు చెప్పాడు. జీపు మూడో రోజు వెనక్కి తిరిగింది. ఆ రాత్రి నాయన అన్నం తినలేదు. నాలుగు రోజులు అమ్మతో మాట్లాడలేదు. 1993 అక్టోబరు ఒకటిన రాష్ట్రమంతా సారా ఆపేశారు.

ఇక్కడితో నాయన మారిపోయాడని రాస్తే బాగుంటుంది. మారలేదు. ఏడాది పైచిలుకు నిగ్రహంగా ఉన్నాడు, ఆ తర్వాత దొంగచాటు బ్రాందీ. 1998లో కామెర్లతో పోయాడు. చివరి రెండు నెలలు ఒళ్ళు తుడవడం దగ్గర్నుంచి అన్నీ అమ్మే చేసింది. అడిగితే మాత్రం, "ఆ ఏడాది బాగుండాడు గదరా" అనేది. ఇరవై ఏళ్ళ ప్రార్థనకు ఒక ఏడాది. ఆమె లెక్కలు ఎప్పుడూ నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత అమ్మ మా ఇంట్లో ఒక నాలుగు నెలలు, తమ్ముడి దగ్గర మిగతా నెలలు. హైదరాబాదు వచ్చేటప్పుడు ఒక రెక్సిన్ బ్యాగు, అందులో రెండు చీరలు, బైబిలు, మా పిల్లలకు ఉలవపాడు మామిడికాయలు, అడుగున ఆ పాలపొడి డబ్బా. మా ఆవిడది బెజవాడ. కుక్కర్లో ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు, లెక్క తప్పితే ఊరుకోదు. అత్తయ్య వచ్చి గ్లాసులోంచి గుప్పెడు తీసేసరికి అన్నం ముద్దయింది మొదటి వారం. నీళ్ళు తగ్గించడం నేర్చుకుంది తర్వాత. తీసిన బియ్యం ఒక గుడ్డసంచిలో పోగేసి, సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో కావలి దాకా మోసుకుపోయేది అమ్మ. హైదరాబాదు నుంచి నెల్లూరు జిల్లాకు బియ్యం తీసుకుపోయిన మనిషి మా అమ్మ ఒక్కతే అయ్యుంటుంది.

"ఇక్కడే ఎవరికైనా ఇవ్వొచ్చు గదమ్మా" అన్నాను.

"ఇక్కడ నన్నెవరు రాసుకుంటారురా?"

మా పాప నాయనమ్మకు చెలికత్తె. అమ్మకు కంటిపొర వచ్చి, ఆపరేషన్ చేయించినా చిన్న అక్షరాలు అందకుండా పోయాక, పాపే రాత్రిపూట చదివి వినిపించేది. టీవీ సీరియల్ టైముకు అయిపోవాలని గబగబా చదివేది. మధ్యలో అమ్మ వేలెత్తేది. "ఒక లైను మింగావే." పాప వెనక్కి చూస్తే నిజంగానే ఒక లైను పోయి ఉండేది. పాపే ఆమెకు సెల్‌ఫోను నేర్పింది. కొత్త నంబరు తీసుకునేటప్పుడు చివర నాలుగు రెళ్ళు కావాలని పట్టుబట్టింది అమ్మ. అది ఫ్యాన్సీ నంబరు, డబ్బు ఎక్కువవుతుందని షాపతను చెప్పాడు. "రెళ్ళకు కూడా రేటు పెట్టారా" అని, మామూలు నంబరే తీసుకుంది. చివరిదాకా దాన్ని గుర్తుపెట్టుకోలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. 2004 నాటికి నేను చర్చికి పోవడం మానేశాను. మేం పోయే చర్చిలో కమిటీ తగాదాలు ముదిరి, ఎన్నికల రోజు కుర్చీలు లేచాయి, కోర్టుకు పోయారు. దాన్ని సాకు అనండి, కారణం అనండి. అసలు చాన్నాళ్ళ నుంచే నాకు మోకాళ్ళ మీద ఉన్నప్పుడు ఎదురుగా ఎవరూ లేనట్టే ఉండేది. అమ్మకు చెప్పలేదు. ఒక ఆదివారం ఆమె తెల్ల చీర కట్టి, బైబిలు తువ్వాలులో చుట్టి, హాల్లో కుర్చీలో కూర్చుని నా కోసం చూస్తోంది. ఇంక దాచలేక చెప్పాను. "నేను రానమ్మా. నాకు నమ్మకం పోయింది."

ఏడుస్తుందేమో, దెబ్బలాడుతుందేమో, పాస్టరుగారికి ఫోన్ చేస్తుందేమో అని చేతుల్లో చెమటలు. అమ్మ కాసేపు నన్ను చూసింది. "ఆటో ఎంత తీసుకుంటాడు?" అంది.

పాపను తోడు తీసుకుని పోయింది. ఆ తర్వాత ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు. ఉత్తరోత్తరా నాకు అదే కష్టమైంది. దెబ్బలాడి ఉంటే జవాబు చెప్పుకుని ఉండేవాణ్ణి.

ఆ వారంలోనే మా ఆవిడ అంది, "అత్తయ్య ఈమధ్య రెండుసార్లు తీస్తున్నారండీ బియ్యం. ఒకసారి తీసి, మర్చిపోయి మళ్ళీ తీస్తున్నారు." నేనూ చూశాను. ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసి, మూత మీద చెయ్యి పెట్టి, మళ్ళీ మూత తీసి ఇంకో గుప్పెడు. వయసు కదా, మతిమరుపు మొదలైందేమోనని డాక్టరుకు చూపించాం. బి12 తక్కువ ఉందని బిళ్ళలు రాశాడు. వేసుకుంది. రెండు గుప్పెళ్ళు తీయడం మానలేదు. "ఒకసారి తీశావు గదమ్మా" అంటే, "తెలుసులేరా" అని చెయ్యి ఝాడించేది. మా ఆవిడ గ్లాసుకు ఇంకాస్త బియ్యం ఎక్కువ పోయడం అలవాటు చేసుకుంది.

2019లో, వానాకాలం, అమ్మ తమ్ముడింట్లో పోయింది. పొద్దున్నే పొయ్యి దగ్గర తిరిగి, కళ్ళు తిరుగుతున్నాయని పడుకుని, మళ్ళీ లేవలేదు. నేను వెళ్ళేసరికి పాలెమంతా మందిరం దగ్గరే ఉంది. రైలు పట్టా గంట ఆగి ఆగి కొడుతున్నారు. అమ్మ వయసెంతో ఎవరికీ కచ్చితంగా తెలియదు. సమాధి రాయి మీద పుట్టిన ఏడు రాయించలేదు.

ఆదరణ కూటం అయ్యాక వచ్చిన ఆదివారం, నేనింకా ఊళ్ళోనే ఉన్నాను. మా మరదలు పాలపొడి డబ్బా తెచ్చి చేతికిచ్చింది. "బావగారూ, అత్తమ్మ ఆ వారం తీసినవి ఇందులోనే ఉండిపోయాయి. మందిరంలో ఇచ్చి రండి, నాకు ధైర్యం చాలట్లేదు."

ఆరాధన మొదలయ్యాక పోతే అందరూ చూస్తారని ముందే పోయాను. ఇప్పుడున్న పాస్టరమ్మ చిన్న వయసు అమ్మాయి, నన్ను అంతకుముందు చావు రోజే చూసింది. డబ్బా అందుకుని, చేటలో కుమ్మరించి, సోలతో కొలిచింది. సోలకు కొంచెం తక్కువ. దాన్ని చేత్తో రెండు కుప్పలు చేసింది. లాంగ్ నోట్‌బుక్ తీసి అమ్మ పేరు ఎదురుగా అర సోల అని రాసింది. కింద గడిలో ఇంకో అర సోల రాయబోతూ ఉంటే, అది ఎవరిదమ్మా అని వంగి చూశాను.

నా పేరు. ఇంటిపేరుతో సహా.

పేజీ తిప్పాను. వెనక పేజీలోనూ ఉంది. అంతకు ముందు పేజీలోనూ. మందిరం బీరువాలో పాత పుస్తకాలు ఉన్నాయంటే తీయమన్నాను. చేతిరాతలు మారాయి, ముగ్గురు పాస్టరమ్మలు మారినట్టున్నారు. అమ్మ పేరు, దాని కింద నా పేరు, వారం తర్వాత వారం. అమ్మ హైదరాబాదులో ఉన్న నెలల్లో గడులు ఖాళీ, వచ్చిన ఆదివారం మాత్రం ఇద్దరి పేర్ల మీదా నాలుగేసి, ఐదేసి సోలలు ఒకేసారి. అన్నిటికంటే కింద ఉన్న పుస్తకం అట్ట మీద 2004 అని ఉంది.

"మీరు ఉద్యోగం వల్ల రాలేరు గదన్నయ్యా, అందుకని అమ్మతో పంపిస్తున్నారంట. మామ్మ ఎప్పుడూ చెప్పేది, మా పెద్దోడు ఒక్క వారం కూడా తప్పడు అని."

నేను పుస్తకం మూసి ఇచ్చాను. ఆ అమ్మాయి మళ్ళీ తెరిచి, నా పేరు ఎదురుగా సగంలో ఆపిన అర సోల పూర్తి చేసింది.

"ఈ వారం మీరే తెచ్చారు, సంతోషం" అని, ఖాళీ డబ్బా తుడిచి నా చేతికిచ్చింది.